ఖాళీ డ్రైవ్

ఉదయం పదింబావుకి కంప్యూటర్ ఆన్ చేశాను. మర్నాడు నా భార్య పెద్దకర్మ. ఫ్లెక్సీకి ఆమె ఫోటో మధ్యాహ్నంలోగా నూజివీడు పంపాలి.

నాకు కావలసిన ఫోటో ఒక్కటే. ఆ ముందు వేసవిలో, వసారాలో పోసిన మామిడికాయల మధ్య ఆమె కూర్చుని ఉండగా నేను తీసింది. "నన్ను కాదండీ, కాయని తియ్యండి, కొనేవాడికి పంపాలి" అని నవ్వింది. తీసిన ఫోన్ తర్వాత పాడైపోయింది. ఆమె ఇంట్లోనే పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసేది కాబట్టి ఆ ఫోటోను కూడా అలాగే పెద్ద ఫైలుగా చేసి దాచుకుంది. తెరవబోతే సగంలో ఆగి, వర్చువల్ మెమరీ చాలడం లేదని వచ్చింది.

ఆ మాటకు అర్థం ఒకసారి ఆమే చెప్పింది.

"షెడ్డు నిండితే కాయ ఎక్కడ పోస్తారండీ?"

"వసారాలో."

"ఇదీ అంతే. ర్యామ్ నిండితే మిగతాది డిస్కులో పోస్తుంది. అందుకే ఆ రెండో డ్రైవ్ ఖాళీగా ఉంచాను. మీ సినిమాలు తెచ్చి అందులో పడేశారో, ఊరుకోను."

ఇప్పుడు చూస్తే ఆ డ్రైవ్ నిండా ఆమె తమ్ముడి గృహప్రవేశం వీడియోలు. ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు వచ్చి ఎక్కించాడు. పక్కనే ఉన్నాడు, అడిగాను.

"ఖాళీగానే ఉంది కదండీ బావగారూ, అని..."

అతనికీ ఆగిరిపల్లిలో మామిడితోట ఉంది. సీజన్‌లో వాళ్ళ వసారాలో ఎవరైనా మంచం వాల్చినా ఊరుకోడు.

వీడియోలను అతని హార్డ్ డిస్కులోకే తిరిగి పంపాను. సెట్టింగుల్లో వర్చువల్ మెమరీ దగ్గరికి వెళ్ళి, కంప్యూటరే చూసుకుంటుందన్నచోట టిక్కు తీసేసి, ఖాళీ అయిన డ్రైవ్ ఎంచుకుని, కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని అడిగిన రెండు గళ్ళలో అంకెలు వేశాను. సెట్ నొక్కి, రీస్టార్ట్ చేశాను. నెమ్మదిగానే అయినా ఫోటో తెరుచుకుంది. చెంప మీద మామిడి సొనకు కాలిన మచ్చ కూడా కనిపిస్తోంది.

అతను వెనకనుంచి చూశాడు.

"ఇదేంటండీ, పెద్దకర్మకి పళ్ళన్నీ కనబడే ఫోటోనా? చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"మీ అక్క నవ్వేదయ్యా."

"నవ్వితే ఇంట్లో నవ్వింది. మీరు దాంతో కుస్తీ పడుతుంటే నేను ఆధార్ ఫోటో పంపించేశానండీ. బొట్టు అదీ వాళ్ళే పెద్దది చేస్తారంట."

మర్నాడు వచ్చినవాళ్ళు ఆ ఫ్లెక్సీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. దాని మీద ఉన్నావిడను నేను ఎరగను. భోజనాలు బాగున్నాయని చెప్పి వెళ్ళారు.

ఆ డ్రైవ్‌లో ఇంకేమీ పెట్టలేదు. కంప్యూటర్ మునుపటికన్నా బాగా నడుస్తోంది. దాంతో చేసే పని లేదు. తోటను ముసునూరు వాళ్ళకు కౌలుకిచ్చాను. కోసిన కాయ చెట్టు కిందనుంచే లారీ ఎక్కుతుంది. మా వసారాలో ఇప్పుడు కాయ పోయడం లేదు.