మధ్య పీఠం మీది దర్జీ

వాష్ బేసిన్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లపాటు గంటమ్మ చేసిన ఉద్యోగం ఒక్కటే: వాయించడం. బట్టీలోంచి దిగిన ప్రతి బేసిన్‌నీ చిన్న కొయ్య సుత్తితో ఒక్కటి వేసేది. ఖంగుమంటే పాస్. టప్‌మంటే లోపలెక్కడో కంటికి ఆనని పగులుందన్నమాట. ఆ బేసిన్ జాతకం అక్కడితో సరి. మేనేజరు బతిమాలినా, యూనియన్ నాయకుడు గద్దించినా ఆమె చెవి మాట మార్చిన పాపాన పోలేదు. గంటమ్మ అన్న పేరు అక్కడ పెట్టిందే. లోకంలో ఇందరు నిశ్చింతగా మొహం కడుక్కుంటున్నారంటే, ఆ పుణ్యంలో కొంత వాటా ఆమెది.

రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు. మట్టి తెచ్చి, పెరట్లో చిన్న బట్టీ పెట్టి, బొమ్మలు మొదలెట్టింది. పేటలో కమ్యూనిటీ గ్యాలరీ ఒకటుంది. పూర్వాశ్రమంలో అది సైకిల్ స్టాండు. అక్కడ ఋతువుకో ప్రదర్శన పెడతారు. మొదటి ఏడు ఆమె బొమ్మకు చెప్పుల అర పక్కన చోటిచ్చారు. మరుసటి ఏడు బాత్‌రూము తలుపు పక్కన. "మీ పూర్వానుభవానికి దగ్గరగా ఉంటుందని" అంటూ కార్యదర్శి మాస్టారు సంజాయిషీ చెప్పారు. ఆయన భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఏది ఎక్కడుండాలో తనకు తప్ప సృష్టికర్తకు కూడా తెలియదని ఆయన నమ్మకం. గంటమ్మ నొచ్చుకోలేదు. "ఎక్కడ పెట్టినా అది నా బొమ్మేనండీ" అంది. నాలుగో ఏడు, వానాకాలం ప్రదర్శనలో, హాలు నడిమధ్య పీఠం ఆమెకు దక్కింది.

దక్కించిన బొమ్మ పేరు 'కునుకు'. నడుము దాకా మనిషి. తల ఓ పక్కకు వాలి, నోరు కాస్త తెరుచుకుని. ఆ మనిషి సాక్షాత్తూ ఆమె భర్త, వీధి చివర కుట్టు మిషనుతో నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న దర్జీ. కూర్చున్న చోటే నిద్రపోవడంలో ఆయనకు సాటి లేరు కనుక, నమూనా కోసం ఆమె గడప దాటలేదు. బొమ్మ పచ్చిగా ఉండగానే ఆయన టేపు తీసి కొలిచాడు.

"ఛాతీ నలభై నాలుగు! ఎవడే ఈ పహిల్వాను? నాది ముప్పై ఎనిమిదిన్నర."

"మట్టి ఆరి కాలేసరికి ఎనిమిదో వంతు తగ్గుతుందండీ. మీ కొలతకే వస్తుంది."

"బట్ట తడిస్తే ముడుచుకుంటుందని తెలుసు గానీ..."

"మాట్లాడకండి. నోరు మాత్రం తెరిచే ఉంచండి, అందమంతా అక్కడే ఉంది."

కాలాక సరిగ్గా ముప్పై ఎనిమిదిన్నరకే వచ్చింది. ఖంగుమంది కూడా. ఆహ్వాన పత్రం మీద ఆ ఫొటోనే అచ్చేశారు. దర్జీ తాను కుట్టిన ప్రతి చొక్కా జేబులోనూ ఒక పత్రం పెట్టి మరీ పంపాడు.

ప్రారంభం నాడు బొమ్మ ఆటోలో వచ్చి పీఠమెక్కింది. జనం రావడానికింకా రెండు గంటలుంది. గంటమ్మ దుమ్ము తుడుస్తూ తుడుస్తూ, అలవాటు కొద్దీ, వేలి కణుపుతో వీపు మీద ఒక్కటి వేసింది.

టప్.

భుజం మీద వేసింది. అక్కడా టప్. దారిలో గుంతలు తమ పని తాము చేశాయి.

ఆమె మొహం చూసి దర్జీ దగ్గరికొచ్చాడు. "ఎక్కడే?"

"ఎడమ చంక లోపల. కనిపించదు."

"కనిపించకపోతే ఇంకేం! జనం చూడ్డానికొస్తారు గానీ నా వీపు వాయించడానికొస్తారా?"

మాస్టారు రొప్పుతూ వచ్చారు. "అమ్మా, పత్రం అచ్చయిపోయింది. ఈ ఒక్క పూటకి మీ చెవి పక్కన పెట్టండి."

"మాస్టారూ, పాపం ఒక్కో పనివాడు చెమటోడ్చి చేసిన బేసిన్లు వందలకొద్దీ పగలగొట్టించాను. బతిమాలినా వినలేదు. వాళ్లంతా ఇవాళ వస్తున్నారు. నాది కదా అని వదిలేస్తే వాళ్ల మొహాలెలా చూడను?"

ఇద్దరు మనుషులు బొమ్మను సామాన్ల గదికి మోసుకుపోయారు. తన అంతిమయాత్రలో తానే నడుస్తున్నవాడిలా దర్జీ వెనకే వెళ్లి, దించాక తిరిగొచ్చాడు.

"మరి పీఠం ఖాళీయేనా?" అన్నారు మాస్టారు, ఖండమొకటి మునిగిపోయినంత దిగులుగా.

"ఖాళీ ఎందుకుంటుంది? మా పెరట్లో మట్టి మూటలున్నాయి, మీ స్కూటర్ మీద రెండు తెచ్చిపెట్టండి. ఏమండీ, ఆ కుర్చీలో కూర్చోండి."

"ఇంతమంది ముందా? నాకు నిద్రెలా పడుతుందే?"

"మీకా?" అంది గంటమ్మ.

జనం వచ్చారు. మాస్టారు స్వాగతోపన్యాసం ఎత్తుకున్నారు. మూడో వాక్యం పూర్తికాకముందే దర్జీ తల ఓ పక్కకు వాలింది. ఆయన లేస్తే బొమ్మ చెడుతుందని మాస్టారు గొంతు తగ్గించారు. గుసగుసల్లో అంతసేపు మాట్లాడలేక, జీవితంలో మొదటిసారి నాలుగు నిమిషాల్లో ముగించారు. చప్పట్లు కూడా వేళ్లతోనే కొట్టారు. పీఠం మీద గంటమ్మ చేతుల కింద మట్టి భుజాలు లేస్తున్నాయి.

ఫ్యాక్టరీలో అచ్చులు పోసిన పాత పనివాడొకడు దగ్గరికొచ్చాడు. అందరికంటే ఎక్కువ బేసిన్లు పోగొట్టుకున్నవాడు అతనే.

"పత్రం మీది బొమ్మేదక్కా?"

"టప్‌మంది తమ్ముడూ. తీసేశాను."

అతను "అయితే నా ఒక్కడి మీదే పగ కాదన్నమాట!" అని పకపకా నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇదెప్పటికవుతుంది?"

"వానలకి ఆరడమే నెల పడుతుంది. కాలడానికి రెండ్రోజులు. ప్రదర్శన రెండు నెలలుంటుందిగా" అంటూ గంటమ్మ మట్టి ముద్ద తీసి ముక్కు మొదలెట్టింది. "ఈసారి ఆటో వద్దు, తోపుడు బండి. నువ్వూ ఓ చెయ్యి వెయ్యాలి."