ఎర్ర పెన్సిల్ గీత

పద్మనాభం అనే పల్లెటూరి వీధిబడిలో అక్షరాలు దిద్ది, ఆ ఊరి నుంచి కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేదాకా ఎదిగిన మొదటి మనిషి సన్యాసిరాజు. విశాఖ ఆఫీసులో అతను కాగితం మీద రాస్తే, పుష్పకుమారి మిషన్ మీద టైపు మీటలు నొక్కి, కంప్యూటర్ చదువుకునేలా కార్డులకు చిల్లులు కొట్టేది. రెండువేల కార్డులు కిందపడి చెల్లాచెదురైనా, కట్ట అంచున తాను గీసిన ఏటవాలు ఎర్రగీతను బట్టి పావుగంటలో వరుస పెట్టేసేవాడు.

1984లో ఒకరోజు తోటి ప్రోగ్రామరు ఫ్రాన్సిస్ పేపరు తెరిచాడు. "కార్డులక్కర్లేని మిషన్లొచ్చేత్తన్నాయట. టీవీ ముందర కూకుని మనమే టైపు కొట్టాలట. నీ గీత టీవీ మీద గీత్తావేటి బావా?"

అందరితో పాటు సన్యాసిరాజూ నవ్వాడు. కానీ అతనికి టైపు రాదు.

సాయంత్రం పుష్పకుమారి దగ్గరకెళ్లాడు. "అమ్మా, ఏలు ఎక్కడెట్టాలో సూపించు."

తన పేరు కొట్టడానికే పావుగంట పట్టింది. అయినా ఒక్క అక్షరం తప్పు పోలేదు.