హర్డిల్ పడినా చూడనివాడు

కువైట్‌లో, అహ్మదిలోని క్లబ్బులో మా కోచ్ ఒకప్పుడు ఇటలీ తరఫున నూటపది మీటర్ల హర్డిల్స్ పరుగెత్తినవాడు. రిటైరైనా రోజూ ఒకసారి పరుగెత్తేవాడు. కాలు తగిలి హర్డిల్ పడిపోతే దానివైపు చూసేవాడు కాదు.

"వెనక్కి చూస్తే సెకను పోతుంది," అనేవాడు.

పడిన హర్డిల్స్‌ను నిలబెట్టడం క్లబ్బులో నాతోపాటు పనిచేసే రాయచోటి భాయ్ పని. వాచీ పట్టుకోవడం నాది.

ఒకరోజు కోచ్ పరుగు అందుకున్నాక, చివరి హర్డిల్ సర్దుతున్న భాయ్ ఎండదెబ్బకు అక్కడే కూలిపోయాడు. కోచ్ అతని మీదుగా దూకి గీత దాటాడు.

"యల్లా, తొందరగా చెప్పు, టైమెంత?"

ఆ గొంతు తలుచుకుంటే నాకిప్పటికీ రోత.

ఆసుపత్రిలో భాయ్ కళ్లు తెరిచాడు. "నేను పడినప్పుడు నువ్వు యాడుంటివబ్బీ?"

కోచ్‌కు టైం చెప్పాకే అతని దగ్గరికి పరుగెత్తానని నేను చెప్పలేదు.