సుశీల టీచర్ బాల్కనీ లైట్లు

నిన్న నేను చేసిన ఘనకార్యం విన్నాక నన్ను ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ అనాలో వద్దో మీరే తేల్చండి. ఉన్న పరువంతా పోయింది. పైగా దానికి మెప్పు కూడా దొరికింది, అదీ నా ఇబ్బంది!

తార్నాకలో మా కింది ఫ్లోర్‌లో సుశీల టీచర్ ఉంటారు. గుంటూరు వైపు వాళ్ళు, రిటైరయ్యారు. పోయిన క్రిస్మస్‌కి వాళ్ళాయన బాల్కనీకి పిక్సెల్ లైట్లు కట్టారు. యాభై బల్బులు, రంగులు ఒక చివర నుంచి ఇంకో చివరకి పరుగెత్తుతాయి. ఎండాకాలంలో ఆయన పోయారు. ఆ లైట్లు విప్పడానికి టీచర్‌కి మనసొప్పలేదు. వానాకాలమంతా అవి అక్కడే నానాయి. మొన్న స్విచ్ వేస్తే పదమూడు వెలిగాయి, మిగతాదంతా చీకటి.

"రేపు సాయంత్రం క్రిస్మస్ పాటలు పాడుతూ కేరల్స్ వాళ్ళొస్తారు బాబూ. ఆయన లేకుండా ఇదే మొదటిసారి. కొత్తవి కొనుక్కోమంటోంది మా చెల్లెలు. నాకు అవే వెలగాలి" అన్నారు.

"టీచర్, నేను క్లాసులో చెప్పేదే ఇది. అరగంట పని!" అనేశాను. నా నోటికి ఎప్పుడు అదుపుంది గనక!

నిన్న పొద్దున్నే లైట్లన్నీ ఉండలా చుట్టి యూనివర్సిటీలో మా ల్యాబ్‌కి పట్టుకుపోయా. వీటి సంగతి సింపుల్. ప్రతి బల్బులో చిన్న చిప్ ఉంటుంది. కంట్రోలర్ పంపిన కబురులో తన వాటా తీసుకుని, మిగతాది పక్కదానికి అందిస్తుంది. చీకటి మొదలైంది పద్నాలుగో బల్బు దగ్గర. కాబట్టి అదే దొంగ. కత్తిరించి చూస్తే వైర్లకి పచ్చగా చిలుం! నా అంత మేధావి లేడనుకుని, కొత్త బల్బు సోల్డర్ చేసి స్విచ్ వేశా.

చీకటి.

సరే, పక్కదీ తడిసుంటుంది కదా. పదిహేనోది మార్చా. చీకటి. పదహారు, పదిహేడు, పద్దెనిమిది... డబ్బాలో ఉన్న ఐదు కొత్త బల్బులూ అయిపోయాయి. లంచ్ టైమ్ కూడా అయిపోయింది.

మా ల్యాబ్ అటెండర్ యాదగిరన్న అప్పటిదాకా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. "సార్, గా వెలిగేటిది, పదమూడోది, దాన్ని జర చూడరాదుండ్రి" అన్నాడు.

"అది మంచిగనే వెలుగుతున్నది గదన్నా! దానికేం రోగం?"

"మీరే కద సార్, ఏటేటా పిల్లలకు చెప్తరు? ఆగిన కాడ కాదు, దానికి ముందటిది చూడుండ్రి అని. చూడకుంటే మార్కులు గూడ కోస్తరు. పదకొండేండ్లసంది ఇనుకుంటనే ఉన్న."

బుద్ధిగా పదమూడోది కోశా. లోపల నీళ్ళు. తన వాటా తాను తీసుకుని చక్కగా వెలుగుతోంది, పక్కదానికి మాత్రం ఏమీ అందించడం లేదు. నేను పీకి పడేసిన ఐదింట్లో ఒకటి తీసి దాని స్థానంలో పెడితే, మొత్తం యాభై భగ్గున వెలిగాయి. అంటే ఆ ఐదూ నిక్షేపంగా ఉన్నవే!

యాదగిరన్న నవ్వాడు, నేనూ నవ్వాను. కానీ మళ్ళీ నీళ్ళు పోకుండా అతుకులకి సిలికాన్ పూస్తూ కూర్చుంటే మనసు ఒకలా అయింది. వెలుగుతోంది కదా అని దాన్ని ముట్టుకోనే లేదు నేను. టీచర్ దగ్గరా అంతే. ఇన్ని నెలలుగా మెట్ల మీద కనిపిస్తే "బాగున్నారా టీచర్?" అంటాను. ఆవిడ నవ్వి "బాగున్నా బాబూ" అంటారు. నేను పైకెక్కేస్తాను. ఒక్కసారైనా లోపలికెళ్ళి పది నిమిషాలు కూర్చోలేదు. నిజంగా సిగ్గేసింది.

సాయంత్రం పరుగు పరుగున వచ్చి బాల్కనీకి కట్టడం మొదలుపెట్టా. తలుపు దగ్గర మొదలుపెట్టి వీధి వైపు చివరకి వచ్చేసరికి ప్లగ్ నా చేతిలో ఉంది! ఉండ చుట్టేటప్పుడు ప్లగ్ లోపలికి పోయింది, నేను తోక వైపు నుంచి కట్టుకుంటూ వచ్చేశా. ఇంతలో సందు మొదట్లో గిటార్ వినిపిస్తోంది, కేరల్స్ వాళ్ళు వచ్చేశారు. విప్పే టైమ్ లేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి స్విచ్ వేసేశా.

అన్నీ వెలిగాయి. టీచర్ కాసేపు చూశారు.

"ఆయన కట్టినప్పుడు ఇంట్లోంచి వీధిలోకి పరుగెత్తేవి బాబూ" అన్నారు మెల్లగా.

ప్లగ్ వైపు చెయ్యి చాచాను. "సారీ టీచర్, రేపు పొద్దున్నే విప్పి..."

"వద్దు." నా చెయ్యి పట్టుకున్నారు. వీధి వైపు నుంచి రంగులు ఒకదాని వెనక ఒకటి తలుపు దాకా వస్తున్నాయి. "ఉండనీ. ఈసారి ఇంట్లోకి రానీ." కళ్ళు తుడుచుకుని నా వైపు చూశారు. "ఆలోచించే కట్టావు కదూ?"

అవునన్నట్టు తల ఊపాను. పదకొండేళ్ళ సర్వీసులో నా తెలివిని ఒకరు మెచ్చుకోవడం ఇదే మొదలు, అదీ వైరు తిరగేసి కట్టినందుకు!