ఒక్క చాయ్ తాగేంతసేపు

నిన్న పెట్రోలు బంకులో పైపు బయటికి తీస్తుంటే నాలుగు చుక్కలు ఎగిరి నా చీర కొంగు మీద పడ్డాయి. ఆ పొద్దునే గంజి పెట్టి ఇస్త్రీ చేసుకున్న నేత చీర. వెనక బండ్లవాళ్లు హారన్లు మోగిస్తున్నా కదలకుండా, కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడిపోయాను. గంజి వాసనా పెట్రోలు వాసనా కలిస్తే చాలు, నాకు మళ్లీ పదమూడేళ్లు వస్తాయి. మోగించుకోనీ, నాకేం తొందర అనుకున్నాను.

రాజోలికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో, తుంగభద్ర ఒడ్డున మా ఊరు. మాది మగ్గం నేసే ఇల్లు. వానాకాలమంతా ముసురుకి పడుగు దారాలు ఆరడం లేదని మా నాయిన చిరాకు పడేవాడు. ఎండాకాలం మాత్రం తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు సాచి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరో పక్కన నిలబడి పెద్ద పెద్ద కుంచెలతో ఈ కొస నుంచి ఆ కొస దాకా దువ్వుతుంటే, మేము పిల్లలం ఆ దారాల కింద నుంచి దూరి అవతలికి పారిపోయి తిట్లు తినేవాళ్లం. మధ్యాహ్నం అయ్యేసరికి నది ఇసుకలో పండించిన కర్బూజాల వాసన, మా అవ్వ కాల్చే జొన్నరొట్టెల వాసన, మగ్గం గుంటలో నుంచి వచ్చే చల్లని మట్టి వాసన ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇల్లంతా తిరిగేవి. అవ్వంటే మా నాయిన తల్లి. నోట్లో పళ్లు లేకపోయినా వేయించిన పల్లీలు రోట్లో దంచుకుని మరీ తినేది, ఎవరికీ భయపడేది కాదు.

మా నాయిన కర్నూలు నుంచి ఒక పాత టూ స్ట్రోక్ బండి కొనుక్కొచ్చాడు. దానికి ముందు మడ్‌గార్డు లేదు, సైడు డబ్బాలు లేవు, తాళం చెవి అవసరమే లేదు. అయితేనేం, నది ఇసుకలోనూ చెలక గట్ల మీదా మేకలా ఎక్కి దిగేది. మా ఊరి బడి ఏడో తరగతితో సరి. బస్సు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. అందుకని నాయిన నేసిన చీరల మూట వెనక కట్టి, ఆ మూటకీ తనకీ మధ్య నన్ను కూర్చోబెట్టుకుని, రాజోలి హైస్కూల్లో నన్ను దింపి అటునుంచి గద్వాల పోయేవాడు. ఆ బండి ఉంది కాబట్టే నేను తొమ్మిదో తరగతి దాకా వచ్చాను.

దసరా సెలవుల తర్వాత దానికి రోగం పట్టుకుంది. యాక్సిలేటరు తిప్పి పట్టుకుంటే పరుగెత్తుతుంది, చెయ్యి వదిలితే చచ్చిపోతుంది. బర్రె అడ్డమొస్తే ఆగుతుంది, మలుపు దగ్గర ఆగుతుంది, ఎవరైనా పలకరిస్తే ఆగుతుంది. నాయిన కిక్కు కొట్టీ కొట్టీ చెప్పు తెగేది. ఆ నెల రోజుల్లో మొదటి పీరియడు లెక్కల క్లాసు నేను సగం రోజులు వినలేదు. వడ్డేపల్లిలో బండ్లు బాగుచేసే మైబు చాచా మంచివాడే, పీర్ల పండుగకి మాకు రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద గిన్నె నిండా పంపేవాడు. పాపం ఆయన ప్లగ్గు మార్చాడు, చెయ్యి వదిలినా బండి ఆగకుండా పట్టే స్లో స్క్రూ బిగించాడు. బిగిస్తే అది నిలబడి గుక్కపెట్టి ఏడ్చేది, వదులు చేస్తే మళ్లీ ఆగిపోయేది. పక్కనే కూర్చుని నేను ఆయన చేతులు చూస్తూ ఉండేదాన్ని. ఏ స్క్రూ ఎటు తిప్పుతున్నాడో, కార్బురేటర్ కింది గిన్నె ఎట్లా విప్పుతున్నాడో అన్నీ మనసులో పెట్టుకున్నాను.

ఇక మా పెదనాయిన. నాయినకి అన్న, పక్క ఇల్లే. ఆయన మాటంటే మా ఇంట్లో శాసనం. నాయిన అన్న ముందు తలెత్తేవాడు కాదు. ఆ విషయంలో నాయిన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక శనివారం ఆయన అరుగు మీద కూర్చుని, బండి తోసుకుంటూ వస్తున్న మమ్మల్ని ఆపాడు.

"ఓ తమ్మీ, ఆడపిల్లకు గింత పరేషాన్ అయి సదివిచ్చుడేంది? నూలు కండెలు చుట్టుకుంట ఇంట్ల ఉండనియ్."

"బండి బాగైతది పెదనాయినా," అన్నాను.

"ఏడ బాగైతది? రేపు మాపటికి గీ బండి నా గడప ముందట, ఎవ్వరు చెయ్యి పెట్టకుంట, నేను ఒక్క చాయ్ తాగేంతసేపు నడుస్తనే ఉంటే పో బడికి. ఆగిందా, ఇంగ బడి మాట ఎత్తొద్దు."

నాయిన నోరు తెరిచేలోపే "సరే" అనేశాను.

ఆదివారం పొద్దున నాయిన మగ్గం గుంటలోకి దిగకముందే బండిని పెరట్లోకి తోసుకుపోయి, మైబు చాచా చేసినట్టే గిన్నె విప్పాను. అడుగున తెల్లటి నూగు, మెత్తటి బంకలాంటి మడ్డి. లోపల పెట్రోలుని సన్నగా వదిలే రెండు ఇత్తడి జెట్లు. పెద్దదాన్ని ఎండకి ఎత్తి పట్టుకుంటే రంధ్రంలోంచి వెలుగు కనిపించింది. చిన్నది, అంటే బండి ఊరికే నిలబడ్డప్పుడు పెట్రోలు అందించేది, గుడ్డిది. నోటితో ఊదితే నాలుక మండింది తప్ప గాలి పోలేదు. సూది పెట్టబోయి ఆగాను, రంధ్రం పెద్దదైతే బండి పనికిరాదని చాచా అనడం గుర్తుంది. అప్పుడు గోడకి వేలాడుతున్న గంజి కుంచె కనిపించింది. అందులోంచి సన్నటి ఈనె ఒకటి పీకి, జెట్టుని పెట్రోలులో నానబెట్టి, మెల్లమెల్లగా దూర్చాను. మూడోసారికి అవతలి నుంచి బయటపడింది దారపు నూగు ఉండ.

దాన్ని అరచేతిలో వేసుకుని చూశాను. అది మా ఇంటి నూలే. కిరాణా కొట్లో సీసాలో అమ్మే పెట్రోలులో దుమ్ము ఉంటుందని, పడుగు కొసన మిగిలిన గంజి నూలు పేలిక ఒకటి గరాటులో పెట్టి నెలనుంచీ పెట్రోలు వడగడుతున్నది నేనే. ఎంత తెలివిగలదాన్నో అని మురిసిపోతూ మరీ వడగట్టాను. బియ్యం కడుగు నుంచి పట్టుచీర దాకా మా ఇంట్లో ఏది వడగట్టాలన్నా, తుడవాలన్నా చేతికొచ్చేది ఆ నూలు ముక్కే మరి! నాయిన చెప్పులు తెగడం, బండి బాగుకాలేదని చాచా మాటలు పడడం, నా చదువు పెదనాయిన గడప దాకా వచ్చి ఆగడం, అంతా నా తెలివి వల్ల. కాసేపు ఏడ్చాను. తర్వాత ట్యాంకు ఖాళీ చేసి, రెండుసార్లు కడిగి, అన్నీ బిగించి, మళ్లీ పెట్రోలు పోసి స్టార్టు చేసి, స్లో స్క్రూని చెవి పెట్టి వింటూ వెంట్రుకవాసి చొప్పున తిప్పాను.

సాయంత్రం పెదనాయిన గడప ముందు బండి స్టార్టు చేసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. వీధంతా పోగయింది. పెదనాయిన చాయ్ తెప్పించుకున్నాడు. మనిషి మామూలుగా రెండు గుక్కల్లో తాగేవాడు, ఆరోజు మాత్రం సాసరులో పోసి, ఊది, మీసం తుడుచుకుని, వానల గురించి మాట్లాడి, మళ్లీ ఊదాడు. బండి డుగుడుగుమంటూనే ఉంది. మధ్యలో ఒకసారి తడబడింది. నా గుండె ఆగింది, అది ఆగలేదు. సాసరు ఖాళీ అయింది.

"ఇంగో చాయ్ తేండి," అన్నాడు పెదనాయిన.

అవ్వ లేచి వచ్చి ఆయన చేతిలోని కప్పూ సాసరూ లాక్కుంది. "ఒక్క చాయ్ అన్నవ్, ఒక్క చాయ్ అయిపాయె. నీ నోటి మాటకు ఇలువే లేదా? లోపటికి పో."

నేను అప్పుడే అందరి ముందూ చెప్పేశాను. "నూలుగుడ్డతోని వడగట్టి బండిని కరాబు జేసింది నేనే, బాగుజేసింది నేనే. రేపు బడికి పోత."

నాయిన, జీవితంలో మొదటిసారి, అన్న ఎదుట తలెత్తి నవ్వాడు.

ఇప్పుడు ఆ వీధిలో పడుగు సాచేవాళ్లు లేరు. తర్వాత వచ్చిన వరదకి మగ్గం గుంట ఒండ్రుతో నిండిపోతే మళ్లీ ఎవరూ తవ్వలేదు. అవ్వ పోయింది, పెదనాయినా పోయాడు, బండి తూకానికి పోయింది. కొత్త బండ్లలో కార్బురేటరే లేదు, విప్పి ఎండకి ఎత్తి చూడడానికి ఏమీ మిగల్లేదు. నా స్కూటరైతే సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగిపోయేటట్టు తయారుచేశారు, పెట్రోలు మిగులుతుందట. కొన్నరోజే దాని మీట నొక్కి ఆ సదుపాయాన్ని బందు పెట్టాను. షోరూమతను మంచి మాట చెప్పబోయాడు, వినలేదు. ఎర్రలైటు పడ్డప్పుడల్లా చెయ్యి వదిలేసి, కింద అది నడుస్తూ ఉండడం వింటాను. నా బండి ఎప్పుడు ఆగాలో నేను చెప్తాను.