వెళ్ళొస్తామన్నవాళ్ళ ఇల్లు

ఎవరి పొలం ఎవరు అమ్ముకున్నారో అడుగుతారు, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో అడుగుతారు. నతానియేలు ఎవరని మీలో ఒక్కడైనా అడిగాడా? గోడమీద ఫోటో లేకపోతే అసలు మనిషే పుట్టలేదనుకుంటారు. మా సలోమక్క మొగుడర్రా, నాకు బావ. కూర్చోండి, చెప్తాను. మధ్యలో లేచారో, ఊరుకోను.

రాజోలులో ఉద్యోగస్తుల కోసం సర్కారు కట్టించిన పెంకుటిళ్ళ వరస ఒకటుండేది. ఒక కుటుంబం బదిలీ మీద వెళ్ళగానే ఆ ఇంటిని బాగుచేసి, ఇంకొకరికి అప్పజెప్పేదాకా చూసుకోవడం మా బావ పని. తాళాలగుత్తి ఆయన మొలకే వేలాడేది. కొబ్బరికాయలు పడి పెంకులు పగిలేవి, వాసాలకి చెద పట్టేది, గోడలు ఉప్పు కక్కేవి. అన్నీ సరిచేసి, సున్నం కొట్టి, ఇంటిని అద్దంలా తయారుచేసేవాడు. ఊరందరికీ కారని కప్పులు ఇచ్చిన ఆ మహానుభావుడు పడుకునేది మాత్రం తాటాకు పాకలో. వానొస్తే లోపల గిన్నెలు పరుచుకునేవాళ్ళు. అక్కకి ఉబ్బసం. వానాకాలమంతా గోడకి జారగిలబడి కూర్చునే నిద్ర.

బావకీ ఒక ఇల్లు ఇవ్వొచ్చని రూలుందట. అడిగినప్పుడల్లా "ఈసారికి ఆగవయ్యా" అనేవాళ్ళు. బావ బాగుచేసిన ఇంటిని చూడగానే ఎవరో ఒక అధికారికి తన బావమరిది గుర్తొచ్చేవాడు మరి.

డెబ్భై ఎనిమిదిలో గుమాస్తా తాతబ్బాయిగారికి ఉప్పలగుప్తం బదిలీ అయింది. చివరి ఇల్లు వాళ్ళది, గాలి బాగా ఆడేది. ఈసారి నీకేనని ఆఫీసులో అందరూ ఒప్పుకున్నారు. ఖాళీ చేస్తున్నామని తాతబ్బాయిగారు ఒక ముక్క రాసివ్వబోతే, పచ్చగా కాపురం చేసిన ఇంటిని ఖాళీ అనకూడదని ఆయన భార్య చిట్టెమ్మగారు రాయనివ్వలేదు. బండెక్కుతూ, "వెళ్ళొస్తాం నతానియేలూ" అంది. కొంప ముంచిన మాట అదే.

అప్పుడే ఆ ఇళ్ళు ఎవరికివ్వాలో తేల్చే కొత్త ఇంజనీరు దిగాడు. ఎక్కడో ఉత్తరాదివాడు, తెలుగు పరీక్ష పాసై మరీ వచ్చాడు.

"వాళ్ళు వెళ్ళేటప్పుడు ఏమని చెప్పారు?" అని బావని అడిగాడు.

"వెళ్ళొస్తామన్నారండి."

"అయితే వస్తారు."

"రారండి. వెళ్ళేవాళ్ళందరూ అలాగే అంటారండి."

"రానివాళ్ళు వస్తామని ఎందుకంటారు? అబద్ధమా?"

"అబద్ధం కాదండి. మర్యాదండి."

ఇంజనీరుకి ఆ మర్యాద పరీక్షలో రాలేదు. వాళ్ళు వచ్చి ఖాళీ చేశామని చెప్పేదాకా ఆ ఇంట్లో పెంకు కూడా ముట్టుకోవద్దన్నాడు. ఇల్లు తాళంలో, అక్క వానలో.

"బావా, తాళాలు నీ మొలకే ఉన్నాయి. అక్కని తీసుకెళ్ళి అందులో పడుకోబెట్టరాదా?" అన్నాను.

"తప్పు మరదలా. నాకు తాళాలిచ్చింది ఇల్లు చూసుకోమని."

"చూసుకో, చూసుకో. అక్క ఊపిరి ఆగేది కూడా అలాగే చూస్తూ కూర్చో."

ఆ వానాకాలంలోనే అక్క పెదాలు నీలంగా తిరిగి, ఆస్పత్రిలో పడింది. ఇంకో వానాకాలం ఆ పాకలో గడిస్తే మనిషి దక్కదన్నాడు డాక్టరు. బావ మర్నాడే బస్సెక్కి ఉప్పలగుప్తం వెళ్ళి చిట్టెమ్మగారి వాకిట్లో నిలబడ్డాడు.

"ఖాళీ చేశామని నా నోటితో చెప్పాలా? అడగడానికి నీకు నోరెలా వచ్చిందయ్యా?" అందావిడ.

"మా ఆడదానికి ఊపిరాడట్లేదమ్మగారూ."

ఆవిడ చెడ్డదేం కాదు. మొగుణ్ణి వెంటబెట్టుకుని రాజోలు వచ్చింది. ఇంజనీరు ఎదుట నిలబడి, "ఇదిగో బాబూ, వస్తామన్నాం, వచ్చేం. మాకింక ఆ ఇల్లు అక్కర్లేదు. నతానియేలుకి ఇచ్చేయండి," అంది. ఇంజనీరు సంతోషించాడు. కలం మూత తీశాడు.

పనైపోయిందనుకుని చిట్టెమ్మగారు లేచి, చేతులు జోడించి, "వస్తామండీ" అంది.

ఇంజనీరు కలం మూత పెట్టేశాడు. "మళ్ళీ ఎప్పుడు?" అన్నాడు.

తాతబ్బాయిగారు తల పట్టుకున్నారు. ఆవిడ ఎంత చెప్పినా ఆ చెవికి ఎక్కలేదు. అప్పుడు మా బావ, జన్మలో పెద్దల మాటకి అడ్డురాని మనిషి, ఒకడుగు ముందుకేశాడు.

"అయ్యా, వాళ్ళొచ్చేదాకా ఇల్లు పాడవుద్దండి. నేనూ మా ఆడదీ అందులోనే ఉండి కాపలా కాస్తామండి."

"కాపలాకి జీతం అడగవు కదా?"

"ఎంతమాటండి! అడగనండి."

ఇలాంటి నమ్మకస్తుణ్ణి చూడలేదని ఇంజనీరు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రమే బావ కప్పెక్కి పగిలిన పెంకులు మార్చాడు, అక్క చాపా దిండూ మోసుకొచ్చింది.

ఆ ఇంజనీరూ వెళ్ళిపోయాడు, ఆ తర్వాత ఎంతమందో వచ్చారు. ఆ ఇల్లెవరిదని అడిగితే, "తాతబ్బాయిగారిదండి, వస్తామన్నారు" అనేవాడు బావ. అద్దంలాంటి ఇల్లే, కానీ ఖాళీ లేదు కాబట్టి ఏ బావమరిదికీ పనికిరాలేదు. ఎనభై ఆరు వరదకి పాత పాక ఆనవాలు లేకుండా పోయింది. ఇక్కడ అక్క వెల్లకిలా పడుకుని గుర్రుపెట్టి నిద్రపోయేది. పక్కింటివాళ్ళు విసుక్కుంటే, "పెట్టనివ్వండి, ఆ గుర్రు కోసమే కదండీ ఇంత తిరిగింది" అనేవాడు.

వరదొచ్చిన మరుసటేడు బావ జ్వరంతో ఆ ఇంట్లోనే పోయాడు. యాభై ఏడేళ్ళు.