తెల్ల లైట్లు, శనివారం నిమ్మకాయ

అక్క పెళ్లయి తాండూరు వెళ్లిన ఏడాదికి నాకు ఒక సంగతి అర్థమైంది. బావ మీద నాకున్నది కోపం కాదు. కోపమైతే నాలుగు రోజుల్లో తగ్గేది. నాది అసూయ. అది రెండు పూటలా అన్నం తిని, సాయంత్రం చాయ్ కూడా అడుగుతుంది.

బావకు తాండూరులో నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. నెమ్మదస్తుడు. జోకులు వేస్తాడు కానీ, అది జోకని చివర్లో ఆయనే చెప్పాల్సి వస్తుంది. అయినా అక్క నవ్వుతుంది. వికారాబాదులో మా ఇంట్లో ఇరవై ఏళ్లు ఆ నవ్వు నాది. అమ్మ తిట్లకూ నాన్న మౌనానికీ మధ్య నేనొక మాట అంటే, అక్క ముక్కుతో గురకలాంటి చప్పుడొకటి చేసి నవ్వేది. ఆ గురక కోసం నేను చదువుకు పెట్టనంత శ్రద్ధ పెట్టాను. బావకు అది పెళ్లితోపాటు వచ్చేసింది.

నాకు మిగిలింది శనివారం. అక్క టీచరు పరీక్షకు తయారవుతోంది. కోచింగు ఆదివారం పొద్దున, వికారాబాదులో. అందుకని ప్రతి శనివారం సాయంత్రం నాన్న పాత కారు తీసుకుని తాండూరు వెళ్లి ఆమెను తీసుకొస్తాను. గంటకు పైగా దారి, బండిలో మేమిద్దరమే. రైలుంది, బస్సుంది. ఆ రెండూ అక్కకు గుర్తు రాకుండా చూసుకోవడం నా బాధ్యత.

అలాంటి ఒక శనివారం బావ కొత్త కారు కొన్నాడు. దాని హెడ్‌లైట్లు తెల్లనివి. యూనిట్ ముందు ఆయన వాటిని వేసి చూపిస్తే, పేర్చిన రాళ్ల మీద పాలు పారబోసినట్టు పడింది వెలుగు. తిరుగు దారిలో అక్క మా కారు వెలుతురును కాసేపు చూసి, "మన బండికి కామెర్లయినయా రా?" అంది. నేను నవ్వాను. జోకు బాగుంది. నా మీద కాకపోతే ఇంకా బాగుండేది.

సోమవారమే వికారాబాదులో ఒక షాపుకు పోయి తెల్ల లైట్లు వేయించాను. షాపతను పాత వైర్లను నమ్మకుండా కొత్తవి లాగి, రెండు లైట్ల నల్ల వైర్లనూ ఒకే బోల్టు కింద బిగించాడు. ఇంటికొచ్చి అమ్మకు చూపించి, "మస్తు దిష్టి తగుల్తదమ్మా దీనికి," అన్నాను. ఊరికే అన్నాను. అమ్మ ఊరికే వినదు. ఆ వారం నుంచి ప్రతి శనివారం బండికి కొత్త నిమ్మకాయ, మిరపకాయల దండ తయారు.

మొదటి దండ బంపరుకు కడితే స్పీడ్ బ్రేకర్ల దగ్గరే రాలిపోయింది. రెండోది నేను తెలివిగా కట్టాను. బానెట్ ఎత్తి, ముందు వైపు చేతికందిన ఒక బోల్టు వదులు చేసి, దండ తీగను దాని కింద పెట్టి మళ్లీ బిగించాను. ఇక తుఫాను వచ్చినా ఊడదు. ఆ తర్వాతి వారాల్లోనూ పాతది తీయడం, కొత్తది బిగించడం. తెలివి ఒకసారి పనిచేస్తే మానుకోవడం కష్టం.

కొత్త లైట్లు చూసి అక్క, "మంచిగున్నయి రా. అచ్చం మీ బావ బండి లెక్కనే," అంది. నేను కోరుకున్నది సరిగ్గా అదే. అయినా ఆ మాట విన్నాక అన్నం సహించలేదు.

నాలుగో వారానికి లైట్లు వణకడం మొదలుపెట్టాయి. బండి ఆగితే బాగుంటాయి, కదిలితే టపటపా కొట్టుకుంటాయి. అనంతగిరి మలుపుల్లో ఎదురొచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవరు నేనేదో సైగ చేస్తున్నాననుకుని తిరిగి లైట్లు కొట్టాడు. మర్యాదస్తుడు. అక్క మాత్రం కళ్లు మూసుకుని, తల పట్టుకుని కూర్చుంది.

"ఏమైందే?"

"గా లైట్ల దిక్కు సూస్తె తల తిరుగుతుంది రా. ఇల్లు వచ్చినంక లేపు."

దారి పొడవునా నేను దాచుకున్న మూడు జోకులు దాచుకున్నట్టే ఇంటికి చేరాయి. మర్నాడు అక్కకు తలనొప్పి, క్లాసులో సగం ఎక్కలేదు. సాయంత్రం బావ ఫోను చేశాడు.

"బామ్మర్దీ, నీ లైట్లు మంచిగయ్యేదాక నేనే తోలుకొస్త తియ్యి. నాకేం కష్టం లేదు."

కష్టం లేదట. కష్టపడి లాక్కుంటే కనీసం తిట్టుకోవచ్చు.

శనివారంలోపు ఆ లైట్లు బాగు చేయకపోతే నా శనివారాలు పోయినట్టే. ముందు షాపుకు పోయాను. "మీ బండి కంప్యూటరు కరెంటును ఆపి ఆపి ఇస్తది అన్నా, గందుకే గట్ల," అని చిన్న నల్ల డబ్బా ఒకటి తగిలించాడు. మా బండిలో కంప్యూటరు లేదు. దాంట్లో అన్నిటికంటే తెలివైనది హారను. డబ్బా పెట్టాక కూడా లైట్లు వణికాయి, కాస్త ధీమాగా. కుడి బల్బు ఎడమకు, ఎడమది కుడికి మార్చి చూశాను. రెండూ కలిసి వణికాయి. మా ఇంట్లో అంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు. బ్యాటరీ పరీక్ష చేయించాను, అది గుండ్రాయిలా ఉంది.

శనివారం మధ్యాహ్నమే తాండూరులో దిగాను. ఎలాగైనా బావను ఒప్పించాలని. బావ చేతులు కడుక్కుంటూ వచ్చి, "చాచకు సూపిద్దాం పా," అన్నాడు. చాచ యూనిట్లో మోటార్లు బాగు చేసే పెద్దాయన. కారును నీడకు, షెడ్డులోకి పెట్టించాడు. తడి రాయి మీద లైటు పడేలా నిలబెట్టి, ఇంజను ఆన్ చేసి రేజ్ చేయమన్నాడు. రాయి మీద వెలుగు గజగజలాడింది.

చాచ ఒక పొడవాటి వైరు తీసుకుని, ఒక కొస బ్యాటరీ మైనస్‌కు పెట్టి, రెండో కొస లైటు నల్ల వైరుకు ఆనించాడు. వెలుగు నిలిచిపోయింది. తీశాడు, వణికింది. ఆనించాడు, నిలిచింది.

"లైటుకు ఏం బీమారి లేదు బాబూ," అన్నాడు. "దానికి ఎర్తు అందుతలేదు, గంతే. గీ నల్ల వైరు యాడికి పోయిందో సూస్త." వైరు వెంబడి వేలు పోనిచ్చి, ముందుకు వంగి, ఆగాడు. "జర టార్చి పట్టు సేటు."

బావ టార్చి పట్టాడు. ముగ్గురం చూశాం. రెండు నల్ల వైర్లూ బిగించిన బోల్టు చుట్టూ పచ్చటి చిలుము, వాషరును సగం తినేసిన తుప్పు. దాని కిందే నా తీగ. తీగకు ఆనుకుని ఈ వారం నిమ్మకాయ, బోల్టు మీదకు నింపాదిగా రసం కారుస్తూ.

"గిదెవరు కట్టిండ్రు?"

"అమ్మ ఇచ్చింది చాచా."

"అమ్మ ఇచ్చింది. బోల్టుకు కట్టుమన్నది గూడ అమ్మనేనా?"

నేను నిమ్మకాయను వేలితో పక్కకు జరిపాను.

"మరి దిష్టి బయటికెల్లి వస్తదా, ఇంజన్లకెల్లి వస్తదా?"

ఆలోచిస్తే చాచ ప్రశ్నలో న్యాయముంది. ఆ లైట్లను చూసి కుళ్లుకునే మనిషి జిల్లాలో ఎవడున్నాడు? బావ హెడ్‌లైట్ల మీద కన్ను వేసినవాడు ఒక్కడే నాకు తెలుసు. వాడే ఆ తీగ బిగించాడు.

చాచ రాళ్లు రుద్దే ఎమిరీ ముక్కతో ఇనుము తళతళలాడేదాకా రుద్ది, కొత్త బోల్టు వేసి, పైన గ్రీజు పూశాడు. ఇంజను రేజ్ చేశాను. వెలుగు రాయి మీద కదలకుండా పడుకుంది. నిమ్మకాయను బావే దారంతో బంపరుకు కట్టాడు, పడేయకుండా.

అప్పుడు నాకు అసలు భయం పట్టుకుంది. ఇది తయారై చేతికొచ్చిన జోకు. బావ కూడా చెడగొట్టలేనంత మంచి జోకు. యూనిట్ వెనకే ఉన్న ఇంట్లోకి పోయి అక్కకు చెప్పేస్తాడు, లోపలి నుంచి ఆ గురక వినబడుతుంది, నేను బయట స్టీరింగు పట్టుకుని వింటాను. చెవులు రిక్కించి కూర్చున్నాను. ఏమీ వినబడలేదు. అక్క పుస్తకాల సంచితో వచ్చింది.

"ఏమైండెనట?" అని బావను అడిగింది.

"ఎర్తు తక్కువైందట. అయిపోయింది," అన్నాడు బావ. తలుపు వేసి, నా కిటికీ దగ్గరకు వంగి చిన్నగా, "నువ్వే చెప్పు. నేను చెప్తె కరాబైతది," అన్నాడు.

ఆయన మంచివాడు కూడా కావడం నాకసలు నచ్చలేదు.

ధారూరు దాటాక చీకటి పడుతుంటే లైట్లు వేశాను. నిలకడగా ఉన్నాయి. అక్క కళ్లు తెరిచే ఉన్నాయి. మొదలుపెట్టాను. అమ్మ దండ, నా తెలివి, షాపతని డబ్బా, అన్నీ వరసగా చెప్పి, చివర్లో చాచ గొంతుతో, "ఇంజన్లకెల్లి వస్తదా?" అన్నాను. గురక వచ్చింది. ఒకటి కాదు, రెండు. కళ్లు తుడుచుకుని మూడోది. ఇరవై ఏళ్లలో నా రికార్డు అది.

"ఆగు రా, మీ బావకు చెప్పాలె గిది," అంటూ అక్క ఫోను తీసింది.

స్పీకరు పెట్టి చెప్పింది. ఘోరంగా చెప్పింది. నిమ్మకాయ సంగతి మొదటే బయటపెట్టేసింది. ఇక జోకులో ఏమీ మిగలలేదు. అవతల బావ, "ఔనా?" అన్నాడు. "బోల్టుకా? వీడేనా కట్టింది?" అన్నాడు. అప్పుడే వింటున్నవాడిలాగా పగలబడి నవ్వాడు. టార్చి పట్టుకుని నిలబడ్డ మనిషి.

"మరి చాచ ఏమన్నడు?" అని అడిగాడు.

"నువ్వు చెప్పు రా, నీకే వస్తది చాచ గొంతు," అని అక్క ఫోను నా మూతి దగ్గర పెట్టింది.

రెండోసారి చెప్పాను. నేను మాట పూర్తి చేయకముందే, సరిగ్గా పడాల్సిన చోట, బావ నవ్వాడు. ఆయన నవ్వు విని అక్క నాలుగోసారి గురక పెట్టింది. ఆ నాలుగోది ఎవరి ఖాతాలో పడుతుందో ఇప్పటికీ తేల్చుకోలేదు. అనంతగిరి మలుపులో బస్సు ఎదురైంది. లైటు దించి, పక్కకు తీసి, దారిచ్చాను.